చలి పొద్దున ముక్కు కారితే: గుడ్డా, స్ప్రేనా, మాత్రా?

సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టిందంటే గదిలో వేడి 24 డిగ్రీల కంటే కిందికి దిగిందని లెక్క. నెల్లూరులో, ఒంగోలులో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఇంటింటా కనిపించే గుర్తు ఇది. బయట మైదానంలో ఇంకో మూడు నాలుగు డిగ్రీలు తక్కువే ఉంటుంది. స్టేడియం చుట్టూ నడిచే పెద్దవాళ్లు, పోలీసు ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్లు, కాలేజీ మైదానంలో వాలీబాల్ ఆడేవాళ్లు, హైవే పక్కన సైకిల్ తొక్కేవాళ్లు, అందరిదీ ఒకటే ఇబ్బంది. మొదలుపెట్టి పది నిమిషాలు కాకముందే ముక్కు నీళ్లలా కారుతుంది.

అప్పుడు చాలామంది మందుల షాపుకు వెళ్లి ‘జలుబు మాత్ర ఒకటివ్వండి’ అంటారు. ఉన్న మార్గాలన్నిటిలోకీ చలిగాలికి కారే ముక్కుకు పనికిరానిది అదే. మన ప్రాంతపు చలికి ముక్కు కారితే నూటికి ఎక్కువసార్లు కావలసింది ఒక మెత్తటి నూలు గుడ్డ, ముక్కు మీదికి లాక్కునే ఒక మెడపట్టీ. మందు అవసరమయ్యేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఏ మందో తెలియాలంటే ముక్కు ఎందుకు కారుతోందో ముందు తేలాలి.

ఎందుకు కారుతోంది?

ముక్కు చేసే పెద్ద పని వాసన చూడటం కాదు, గాలిని తయారుచేయడం. బయటి గాలి ఎంత చల్లగా ఉన్నా, ఎంత పొడిగా ఉన్నా, గొంతు దాటేసరికి దాన్ని ఒంటి వేడికి దగ్గరగా తెచ్చి తేమతో నింపి పంపుతుంది. ఆ తేమ ముక్కు లోపలి పొర నుంచే రావాలి. చల్లగాలి తగలగానే అక్కడి నరాలు గ్రంథులకు ‘నీళ్లు వదలండి’ అని కబురు పంపుతాయి. పరుగెత్తేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు గాలి లోపలికి వెళ్తుంది కాబట్టి నీళ్లూ అంత ఎక్కువగా ఊరతాయి. దీనికి తోడు, బయటికి వదిలే వెచ్చటి ఊపిరిలోని ఆవిరి చల్లబడ్డ ముక్కు కొసన నీటిబొట్టుగా మారుతుంది. మంచు కొండల మీద స్కీయింగ్ చేసేవాళ్లలో ఇది మరీ ఎక్కువ గనుక వైద్యులు దీనికి ‘స్కీయర్స్ నోస్’ అని పేరు పెట్టారు. ఇది రోగం కాదు. ముక్కు తన పని తాను చేస్తోందంతే.

అయితే నెల్లూరు చలి కాశ్మీరులోని గుల్మార్గ్ చలి కాదు. ఇక్కడ జనవరి తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. గాలిలో తేమ కూడా ఎక్కువే. కాబట్టి ముక్కు ధారగా కారుతుంటే, తప్పంతా చలిదే అనుకోవడానికి లేదు. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడి, గోడలు నెమ్మెక్కి, బూజు పట్టి ఉంటాయి. ఏడాదంతా పెట్టెలో ఉన్న రగ్గులు, దుప్పట్లు దులపకుండానే కప్పుకుంటాం. వాటిలో దుమ్ముపురుగులు ఉంటాయి. ప్రకాశం వైపు అయితే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల పొగ, చీమకుర్తి దారిలో గ్రానైట్ లారీలు లేపే ధూళి. భోగికి రెండు రోజులు ఊరంతా పొగే. ఇవన్నీ ముక్కును రేపేవే, చలి వాటికి తోడవుతుంది.

తేల్చుకోవడానికి ఒక వారం గమనిస్తే చాలు. బయటికి అడుగుపెట్టిన అయిదు పది నిమిషాలకు మొదలై, ఇంట్లోకి వచ్చిన అరగంటలోపు దానంతట అదే ఆగిపోయి, కారేది నీళ్లలా పలచగా ఉండి, తుమ్ములూ దురదా లేకపోతే అది చలిగాలి ముక్కే. మంచం మీద నుంచి లేస్తూనే వరసగా అయిదారు తుమ్ములు, ముక్కులోనూ కళ్లలోనూ అంగుట్లోనూ దురద, బయటికి వెళ్లకముందే కారడం ఉంటే అలర్జీ. గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, రెండు మూడు రోజులకు చిక్కబడే చీమిడి ఉంటే రొంప పట్టినట్టే, అంటే వైరస్ వల్ల వచ్చిన జలుబు. ఆట అయ్యాక నెల్లూరు కారం దోసె తింటుంటే మళ్లీ కారడం నాలుగో రకం. కారానికి, వేడికి నరాలు స్పందించడమే అది. దాన్ని చూసి జలుబు ముదిరిందనుకుని మాత్ర వేసుకోవద్దు.

ఒకరికే రెండు రకాలు కలిసి ఉండటం మామూలే. ముఖ్యంగా అలర్జీ ఉన్నవాళ్ల ముక్కు చలిగాలికి కూడా తొందరగా లొంగుతుంది. అలర్జీని అదుపులో పెడితే చలికి కారేది కూడా తగ్గడం చాలామందిలో చూస్తాం.

తుడుచుకోవడానికి ఏది?

చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఎక్కువమందికి బాధ కలిగించేది కారడం కన్నా తుడిచి తుడిచి ముక్కు కింద చర్మం ఒరుసుకుపోవడమే. కాబట్టి గుడ్డ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

అన్నిటికన్నా మంచిది బాగా ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు పంచె గుడ్డ. దాన్ని జానెడు చదరపు ముక్కలుగా కత్తిరించి, అంచులు కుట్టి, అయిదారు ఉంచుకోండి. కొత్త కర్చీఫ్‌లో పాలిస్టర్ కలిసి ఉంటే అది నీళ్లు పీల్చదు, ముక్కు కింద రుద్దినట్టే ఉంటుంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన కర్చీఫ్ చూడ్డానికి బాగుంటుంది గానీ చర్మాన్ని గీకేస్తుంది, దాన్ని ఆటకు తీసుకుపోవద్దు. గంట నడకకు ఒక ముక్క చాలు, గంటన్నర ఆటకు రెండు కావాలి. తడిసిన ముక్కను జేబులో వేరే వైపు పెట్టుకోవాలి, మళ్లీ వాడకూడదు. ఇంటికి రాగానే వేడినీళ్లలో సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. తడి కర్చీఫ్‌ను ప్యాంటు జేబులో రెండు రోజులు మరిచిపోయి మళ్లీ అదే ముక్కుకు పెట్టుకోవడం అలవాటుగా ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు.

పరుగెత్తేవాళ్లకు జేబులోంచి గుడ్డ తీసి పెట్టడం కుదరదు. వాళ్లకు టర్కీ టవల్ బట్టతో చేసిన రిస్ట్‌బ్యాండ్ మేలు. ఎడమచేతిది ముక్కుకు, కుడిచేతిది చెమటకు అని విడదీసి పెట్టుకోండి. చెమట పట్టిన బ్యాండుతో ముక్కు తుడిస్తే ఆ ఉప్పు ఒరిసిన చర్మాన్ని మండిస్తుంది. ముక్కును అడ్డంగా రుద్దకుండా అద్దినట్టు తుడవాలి.

కాగితం టిష్యూ రొంప ఉన్నప్పుడు మంచిది, వాడి పారేయొచ్చు కాబట్టి క్రిములు పాకవు. ఆటలో మాత్రం పనికిరాదు. చెమట చేతికి చిరిగిపోయి ముక్కలు ముక్కుకే అంటుకుంటాయి. వాడినవి పడేయడానికి మైదానంలో చెత్తడబ్బా దగ్గరలో ఉండదు, గడ్డిలో పడేస్తే చూసేవాళ్లకు రోత. చొక్కా చేతితో, టీషర్టు అంచుతో తుడుచుకోవడం గురించి చెప్పేదేమీ లేదు.

ఇక వట్టి చేత్తో చీదడం. సైకిల్ మీద, దూరపు పరుగులో అనుభవం ఉన్నవాళ్లు చేసేది ఇదే, సరిగా చేస్తే అన్నిటికన్నా వేగంగా ముక్కు ఖాళీ అవుతుంది. పద్ధతి ఉంది. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని, వెనక ఎవరూ లేరని చూసుకుని, ఒక ముక్కుపుటాన్ని బొటనవేలితో బయటి నుంచి గట్టిగా మూసి, నోరు మూసుకుని, రెండో దానిలోంచి ఒక్కసారి కిందికి, పక్కకి వదలాలి. రెండూ మూసి బలంగా చీదితే లోపలి ఒత్తిడి చెవుల్లోకి, సైనస్‌లలోకి (ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల్లోకి) చీమిడిని నెడుతుంది. చెవి దిబ్బడ పడటానికి, రొంప తర్వాత చెవిపోటు రావడానికి ఇదొక కారణం. రొంప పట్టినప్పుడు నలుగురిలో ఈ పని చేయకూడదు. కబడ్డీ కోర్టులో, షటిల్ కోర్టులో ఎప్పుడూ చేయకూడదు.

ఏది వాడినా, బయలుదేరే ముందు ముక్కుపుటాల అంచులకూ పైపెదవి మీదా వాసెలిన్ పలచగా రాయండి, వేలికొసకు అంటినంత చాలు. నీళ్లు చర్మం మీద నిలవకుండా జారిపోతాయి, ఒరుసుకుపోదు. లోపలికి లోతుగా మాత్రం పూయొద్దు. జిడ్డు పదార్థాన్ని నెలల తరబడి ముక్కు లోపల రాస్తుంటే అది కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి చేరి జబ్బు చేసే ప్రమాదం ఉంది. కొబ్బరినూనెకూ ఇదే మాట వర్తిస్తుంది.

ముక్కు మీద కప్పేవి

కారాక తుడవడం ఒక ఎత్తు, కారకుండా చూడటం ఇంకో ఎత్తు. ముక్కు మీద గుడ్డ ఉంటే బయటికి వదిలే ఊపిరిలోని వేడి, తేమ ఆ గుడ్డలో కొంత చిక్కుకుంటాయి. మళ్లీ లోపలికి పీల్చేటప్పుడు గాలి వాటిని తీసుకుని వెచ్చబడి వస్తుంది. ముక్కుకు పని తగ్గుతుంది, నీళ్లూ తగ్గుతాయి.

మఫ్లరు, మంకీ క్యాపు మన పెద్దల ఎంపిక. నడకకు బాగానే ఉంటాయి గానీ మంకీ క్యాపు ముక్కును వదిలేసి చెవులను కప్పుతుంది, ముక్కు కారడానికి దానివల్ల ప్రయోజనం తక్కువ. ఉన్ని మఫ్లరు నూగు రాలుస్తుంది. అలర్జీ ఉన్నవాళ్లకు ఆ నూగే తుమ్ములు తెప్పిస్తుంది. తలపాగాలా చుట్టే నూలు తువ్వాలు ముక్కు మీదికి ఒక మడత తెచ్చుకుంటే మఫ్లరు కన్నా మేలు.

పరుగుకు, సైకిల్‌కు ‘బఫ్’ అని దొరికే గొట్టంలాంటి సాగే మెడపట్టీ మంచిది. ఒక్క పొర పలచటిది చాలు. మొదటి పదిహేను నిమిషాలు ముక్కు మీద ఉంచి, ఒళ్లు వేడెక్కాక మెడకు దించండి. మన వాతావరణంలో అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే లోపల చెమట పట్టి చిరాకు పుడుతుంది. చాలామందిలో ఆ మొదటి పావుగంట కాపాడితే తర్వాత కారడం బాగా తగ్గుతుంది. సర్జికల్ మాస్కు పది నిమిషాల్లో తడిసి మూతికి అతుక్కుంటుంది, పరుగుకు వద్దు. ఎన్95 మాస్కు గట్టి కసరత్తులో ఊపిరికి అడ్డం. కానీ చీమకుర్తి వైపు లారీల దారిలో నడవక తప్పనివాళ్లకు, బ్యారన్ల పొగ మధ్య పనిచేసేవాళ్లకు, మెల్లగా నడిచేటంతసేపు అదే సరైన ఎంపిక. పొగనూ ధూళినీ నూలు గుడ్డ ఆపలేదు.

ఇంకో మాట. వీలుంటే దారి మార్చుకోవడం అన్ని మాస్కుల కన్నా బలమైన మందు. హైవే పక్కన తొక్కే సైకిల్‌ను మైపాడు బీచ్ వైపు మళ్లిస్తే, ఒంగోలు నుంచి కొత్తపట్నం బీచ్ వైపు వెళ్తే, గాలి శుభ్రంగా ఉంటుంది. ఒకే చలిలో ఒక దారిలో కారి, ఇంకో దారిలో కారకపోతే మీ శత్రువు చలి కాదని తేలిపోయినట్టే.

ఉప్పునీళ్లతో కడగడం

అలర్జీ ఉన్నవాళ్లకు, ధూళిలో ఆడేవాళ్లకు ఇది మందుల కన్నా ముందు ప్రయత్నించవలసింది. జలనేతి అని యోగాలో చెప్పేది ఇదే. మందుల షాపుల్లో దొరికే సెలైన్ స్ప్రే ముక్కు తడపడానికి సరిపోతుంది. లోపలి దుమ్మంతా పోవాలంటే మాత్రం సీసాతోనో కొమ్మున్న జలనేతి చెంబుతోనో ముక్కులోకి నీళ్లు పోసి కడగాలి.

అరలీటరు నీళ్లకు మెత్తటి ఉప్పు ముప్పావు టీస్పూను, అంటే దాదాపు నాలుగున్నర గ్రాములు. మంట అనిపిస్తే పావు టీస్పూను వంటసోడా కలపండి. వట్టి నీళ్లు పోసినా, ఉప్పు ఎక్కువైనా ముక్కు భగ్గుమంటుంది, ఎక్కువమంది ఒక్కసారి ప్రయత్నించి మానేసేది ఈ కొలత తప్పినందుకే. ఇస్కపల్లి కొటార్ల కల్లుప్పు కూరలోకి రుచే గానీ అందులో ఇసుక, మడ్డి ఉంటాయి, ముక్కుకు వద్దు.

నీళ్ల విషయంలో రాజీ పడొద్దు. కొళాయి నీళ్లు, బోరు నీళ్లు, ఇంటికి వచ్చే క్యాను నీళ్లు ఏవైనా సరే కనీసం ఒక నిమిషం తెర్లేలా కాచి, గోరువెచ్చగా అయ్యేదాకా మూతపెట్టి చల్లార్చి వాడాలి. క్యాను నీళ్లు తాగడానికి పనికొస్తాయేమో గానీ క్రిములు లేనివని కాదు. నీళ్లలో ఉండే ఒక రకం అమీబా కడుపులోకి వెళ్తే ఏమీ చేయదు, ముక్కులోంచి మెదడుకు పాకితే ప్రాణం తీస్తుంది. కేరళలో ఇటీవలి ఏళ్లలో ఇలాంటి మరణాలు నమోదయ్యాయి. అరుదైనదే, కానీ నీళ్లు కాచడం ఎంత పని? కాచిన నీళ్లు ఏ రోజువి ఆ రోజే వాడి, చెంబును కడిగి ఆరబెట్టండి.

ఎప్పుడు కడగాలన్నది మరో ముఖ్యమైన సంగతి. ఆటకు వెళ్లబోతూ కడిగితే సైనస్ మూలల్లో నిలిచిన నీళ్లు పరుగులో వంగినప్పుడల్లా బొటబొటా కారతాయి, అప్పుడు ఈ పద్ధతే తప్పనిపిస్తుంది. ఆట నుంచి వచ్చాక కడగడం మంచిది. ముందే కడగాలనుకుంటే కనీసం గంట వ్యవధి ఉంచి, తల వంచి అటూ ఇటూ తిప్పి, ఒక్కో పుటం నుంచి మెల్లగా నీళ్లు వదిలేశాకే బయలుదేరండి.

ఆవిరి పట్టడం రొంపలో దిబ్బడకు కాసేపు హాయినిస్తుంది. కారే ముక్కుకు అది ఉపయోగం లేదు సరికదా, ఆవిరి పట్టి వెంటనే చలిలోకి వెళ్తే ఇంకా కారుతుంది. మరుగుతున్న గిన్నె మీద దుప్పటి కప్పి పిల్లలను కూర్చోబెట్టడం వల్ల ఒళ్లు కాలిన సందర్భాలు ఎన్నో. బామ్‌లు కూడా అంతే. మెంథాల్ చల్లదనం వల్ల గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుందే తప్ప దారి తెరుచుకోదు, కారడం ఆగదు. ముక్కు లోపల పూయొద్దు. రెండేళ్లలోపు పిల్లలకు అసలు వద్దు.

మందులు: దేనికి ఏది

చలిగాలి వల్ల మాత్రమే కారేవాళ్లకు, గుడ్డతో మెడపట్టీతో సరిపెట్టుకోలేనంతగా కారితే, సూటిగా పనిచేసే మందు ఇప్రట్రోపియం ముక్కు స్ప్రే. గ్రంథులకు కబురు పంపే నరాల రసాయనాన్ని అడ్డుకుంటుంది కాబట్టి నీళ్లు ఊరడమే తగ్గుతుంది. ఆటకు అరగంట ముందు కొట్టుకుంటే కొన్ని గంటలు పనిచేస్తుంది. రోజూ అవసరం లేదు, అవసరమైన రోజే చాలు. దిబ్బడకు, తుమ్ములకు ఇది పనిచేయదు. ముక్కు మరీ ఎండిపోయి రక్తపు చారలు కనిపిస్తే మోతాదు తగ్గించాలి. కంట్లో పడితే చూపు మసకబారుతుంది. నీటికాసులు అనే కంటిజబ్బు గానీ ప్రొస్టేటు వాపు గానీ ఉన్నవాళ్లు డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇది డాక్టరు చీటీతో తీసుకోవలసిన మందు, అన్ని షాపుల్లోనూ ఉండదు. ఇదే పేరుతో ఆస్తమాకు ఇన్హేలర్ కూడా ఉంది, దాన్ని ముక్కులో కొట్టుకోకూడదు.

అలర్జీ ఉన్నవాళ్లకు నమ్మదగింది స్టెరాయిడ్ ముక్కు స్ప్రే, ఫ్లూటికసోన్ గానీ మొమెటసోన్ గానీ. స్టెరాయిడ్ అనగానే భయపడతారు. మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. ఇది ఎక్కువమందిలో ‘పనిచేయలేదు’ అనిపించుకోవడానికి రెండే కారణాలు. ఒకటి, రెండు రోజులు వాడి మానేస్తారు. పూర్తి ఫలితం కనిపించడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, కాబట్టి డిసెంబరు చలికి నవంబరులోనే మొదలుపెట్టాలి. రెండు, కొట్టుకునే తీరు తప్పు. తల కొంచెం ముందుకు వంచి, కుడి పుటానికి ఎడమచేత్తో, ఎడమ పుటానికి కుడిచేత్తో పట్టుకుని, మొన అదే వైపు కంటి బయటి మూలకేసి ఉండేలా కొట్టాలి. మధ్యగోడ మీద కొడితే అక్కడ పుండుపడి రక్తం వస్తుంది. కొట్టాక గట్టిగా ఎగపీలిస్తే మందంతా గొంతులోకి పోతుంది, మెల్లగా పీల్చాలి. ఎజెలాస్టిన్ స్ప్రే తొందరగా, అరగంటలోపే పనిచేస్తుంది, అలర్జీ కాని కారుడుకు కూడా కొందరికి సాయపడుతుంది. నోట్లో చేదు దిగుతుంది, కొందరికి మత్తుగా ఉంటుంది.

అలర్జీ మాత్రల్లో సెట్రిజిన్ చవక, పనిచేస్తుంది గానీ నిద్ర తెస్తుంది. రాత్రి వేసుకోవాలి. పొద్దున వేసుకుని బండి మీద మైదానానికి వెళ్లొద్దు. ఫెక్సోఫెనడిన్‌కు మత్తు తక్కువ, ఆడేవాళ్లకు అదే నయం. దాన్ని నీళ్లతోనే మింగాలి. ఆరెంజ్, ఆపిల్ రసాలతో వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. అలర్జీ లేకుండా వట్టి చలికి కారే ముక్కుకు ఈ మాత్రలతో పెద్ద లాభం లేదు.

ఇప్పుడు ఆ ‘జలుబు మాత్ర’ సంగతి. షాపులో చేతికిచ్చేది సాధారణంగా మూడు మందుల కలగలుపు. పారాసిటమాల్, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్. జ్వరం లేనివాళ్లకు మొదటిది అనవసరం. రెండోది ముక్కును కాస్త ఎండబెడుతుంది గానీ బాగా మత్తు తెస్తుంది, నోరు ఎండుతుంది, ప్రొస్టేటు పెద్దదైన పెద్దవాళ్లకు మూత్రం బిగబట్టేస్తుంది. పొద్దున్నే నడిచేవాళ్లలో చాలామంది ఆ వయసువాళ్లే. మూడోది నోటి ద్వారా తీసుకుంటే ముక్కు దిబ్బడకు పనిచేయదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం 2023లో తేల్చి చెప్పింది. ఈ క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలగలుపును నాలుగేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని మన దేశ ఔషధ నియంత్రణ అధికారులు అదే ఏడాది చివర ఆదేశించారు.

దిబ్బడ విప్పే చుక్కలు, ఆక్సీమెటజొలిన్, జైలోమెటజొలిన్, నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి, అందుకే జనం వదల్లేరు. ఇవి రక్తనాళాలను కుదించి దిబ్బడ తీస్తాయే గానీ నీళ్లు కారడాన్ని ఆపేవి కావు. మూడు రోజులు దాటి వాడితే మందు దిగగానే ముక్కు మునుపటికన్నా గట్టిగా మూసుకుపోతుంది, మళ్లీ వేయాలి, మళ్లీ మూసుకుంటుంది. నెలల తరబడి ఈ గొలుసులో చిక్కుకున్నవాళ్లు ఉన్నారు. రొంపలో రాత్రి నిద్ర పట్టనప్పుడు ఒకటి రెండు రోజులకు మాత్రమే వీటిని ఉంచుకోండి. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడొద్దు.

జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీల్లో ఆడేవాళ్లకు ఒక హెచ్చరిక. కొన్ని జలుబు మందుల్లో ఉండే సూడోఎఫిడ్రిన్ పోటీ రోజుల్లో ఒక మోతాదు మించి మూత్రంలో కనిపిస్తే డోపింగ్ కింద లెక్క. మింగే స్టెరాయిడ్ మాత్రలూ పోటీ రోజుల్లో నిషిద్ధమే. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రేకు, ఇప్రట్రోపియంకు ఆ అడ్డు లేదు. పరీక్ష చేసేవాళ్లు ‘తెలియక వేసుకున్నాను’ అన్న మాట వినరు, మందుల అట్ట మీద పేర్లన్నీ చదివాకే మింగాలి.

ఎవరికి ఏది నప్పుతుంది

అరవై దాటిన నడక బృందాలకు తువ్వాలు మడత, రెండు నూలు ముక్కలు, కొంచెం వాసెలిన్. నడకను ఏడు దాటాక, ఎండ పొడ వచ్చాక మొదలుపెడితే చలి, పొగమంచు రెండూ చాలావరకు తప్పుతాయి. మాత్రలు వద్దు.

ఉద్యోగ పరుగు సాధకులకు రిస్ట్‌బ్యాండ్, మెడపట్టీ, ఒంటిముక్కు చీదడం. ఇంట్లోనే అయిదు నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకుని బయటికి వస్తే మొదటి ధార తగ్గుతుంది. పరుగు మధ్యలో దగ్గు, పిల్లికూతలు, ఛాతీ బిగింపు వస్తుంటే అది ముక్కు సమస్య కాదు, వ్యాయామంతో వచ్చే ఆస్తమా కావచ్చు. డాక్టరుకు చూపించకుండా శారీరక పరీక్ష దాకా లాక్కెళ్లొద్దు.

తుమ్ములతో లేచేవాళ్లు ముందు రగ్గులను వరసగా రెండు మూడు రోజులు ఎండలో వేసి దులపండి, దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, లేదా ఇంకొకరితో దులిపించండి. తర్వాత సాయంత్రం ఉప్పునీళ్లు, అవసరమైతే స్టెరాయిడ్ స్ప్రే. రెండూ వాడితే ముందు కడిగి, పది నిమిషాలాగి స్ప్రే కొట్టాలి. తిప్పి చేస్తే మందంతా నీళ్లలో పోతుంది.

రొంప పట్టినవాళ్లు: బాధ మెడకు పైన మాత్రమే ఉంటే, ముక్కూ తుమ్ములూ వరకే అయితే, మామూలులో సగం కసరత్తు చేయొచ్చు. జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీలో కఫం ఉంటే ఆట మానాలి.

ఒక్క పుటం నుంచే స్వచ్ఛమైన నీళ్లు, ముఖ్యంగా తలకు దెబ్బ తగిలాక, వంగితే ఎక్కువవుతూ కారుతుంటే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. గుడ్డ, స్ప్రే అని చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లలకు ఒక పుటం నుంచే వాసనతో కారితే లోపల గింజో పూసో ఇరుక్కుని ఉండొచ్చు, ఇంట్లో పిన్నుతో తీయబోవద్దు.

మంచు కొండలకు వెళ్లేవాళ్లకు

ఇప్పుడు నెల్లూరు, ఒంగోలు నుంచి ఢిల్లీ రైలెక్కి ఉత్తరాఖండ్‌లోని ఔలిలో, గుల్మార్గ్‌లో స్కీయింగ్ నేర్చుకోవడానికి, శీతాకాలపు ట్రెక్కులకు వెళ్లే యువత పెరుగుతున్నారు. అక్కడ లెక్క తిరగబడుతుంది. గాలి సున్నా కన్నా కిందికి పోయి, పొడిగా ఉంటుంది. ఇక్కడ రాజు అనుకున్న నూలు గుడ్డ అక్కడ తడిసి, గడ్డకట్టి, అట్టలా అయిపోతుంది. ఫ్లీస్ లేదా సింథటిక్ మెడపట్టీలు రెండు కావాలి, ఒకటి ముక్కు మీద, ఒకటి కోటు లోపల ఒంటికి ఆనించి. తడిసినప్పుడల్లా మార్చుకోవాలి. పట్టీ పైఅంచు కళ్లద్దాల కిందికి పోతే ఊపిరి ఆవిరి అద్దాలకు పడుతుంది, ముక్కు వంపు మీదే ఆగేలా సర్దండి. కొన్ని స్కీ చేతొడుగుల బొటనవేలు మీద మెత్తటి బట్ట కుట్టి ఉంటుంది. అది ముక్కు తుడుచుకోవడానికే, కొనేటప్పుడు చూసి తీసుకోండి.

ఇప్రట్రోపియం స్ప్రేకు అసలైన ఉపయోగం అక్కడే. డాక్టరును అడిగి ముందే తీసుకుని, ఇంటి దగ్గర ఒకసారి వాడి చూసుకుని వెళ్లండి. సీసా బ్యాగులో ఉంటే మందు గడ్డకడుతుంది, లోపలి జేబులో పెట్టుకోవాలి. పొడిగాలికి ముక్కు పగిలి రక్తం వస్తే తల వెనక్కి వాల్చొద్దు. ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో పది నిమిషాలు వదలకుండా నొక్కి, నోటితో ఊపిరి తీసుకోవాలి. మధ్యలో ఆగిందా అని వదిలి చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. వాడిన టిష్యూలను ఒక కవర్లో వేసి కిందికి తెచ్చేయండి. మంచులో పడేస్తే వేసవిదాకా అలాగే ఉంటాయి.

తిరిగి వచ్చాక ఆ స్ప్రేను కొనసాగించే పని లేదు. స్టేషన్లో దిగిన మర్నాటి నడకకు పాత పంచె ముక్క సరిపోతుంది.